ఎన్ని గంటల దూరం?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని ఫోన్‌ను అడిగితే రెప్పపాటులో చెబుతుంది. ఆకాశమార్గాన 510 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, విమానంలో గంటా పదిహేను నిమిషాలు. కారు నడిపేవారి లెక్కలో అది 620 కిలోమీటర్ల పైమాటే. రైలు టికెట్టు లెక్కలో దాదాపు 700. సికింద్రాబాద్ స్టేషన్లో మూటాముల్లె పక్కన పెట్టుకుని బండి కోసం చూస్తున్న పెద్దాయన్ను అడిగితే కిలోమీటర్ల ఊసే ఎత్తడు. ‘సాయంత్రం బండెక్కితే తెల్లారేసరికి దిగిపోతాం బాబూ’ అంటాడు. వీటిలో ఏ జవాబూ తప్పు కాదు. అయితే ఫోన్ చెప్పినది విమానం లెక్క. పెద్దాయన చెప్పినది మనిషి లెక్క. ప్రగతి గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు మొదటి లెక్కే నోటికొస్తుంది. రెండోదాన్ని కూడా పక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

పటం మీద స్కేలు పెట్టి శంషాబాద్ విమానాశ్రయం నుంచి విశాఖకు ఒక గీత గీయండి. అది ఇంచుమించు తిన్నగా తూర్పుకే పోతుంది. రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. హైదరాబాద్ 17.4 డిగ్రీల దగ్గర, విశాఖ 17.7 దగ్గర. తేడా అంతా రేఖాంశంలోనే. అందుకే విశాఖలో సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు 19 నిమిషాలు ముందుగా పొడుస్తాడు. ఆర్కే బీచి ఇసుక మీద ఎండ పడే వేళకు చార్మినార్ దగ్గర ఇంకా పొద్దు పొడవదు. అయినా ఇద్దరి చేతి గడియారాల్లోనూ ఒకటే సమయం. దేశం మొత్తానికి కాలం చెప్పే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కగా, ఈ రెండు నగరాల నడుమనే పోతుంది మరి.

మనం గీసిన గీత ఖమ్మానికి కొంచెం ఎగువగా, కొత్తగూడెం పక్కగా సాగి, పాపికొండల దగ్గర గోదావరిని దాటుతుంది. మారేడుమిల్లి అడవుల మీదుగా నర్సీపట్నం దాకా వెళ్లి, అక్కణ్నుంచి విశాఖ చేరుతుంది. విమానాలు సరిగ్గా ఈ గీత వెంటే పోవు. మబ్బును బట్టి, ఆకాశంలో రద్దీని బట్టి, నేల మీది నియంత్రణ కేంద్రం చెప్పినదాన్ని బట్టి పక్కకు జరుగుతాయి. కానీ దూరం చెప్పేటప్పుడు లెక్కకు తీసుకునేది ఈ గీతనే.

నేల మీద ఈ గీత వెంట రైలు లేదు. తూర్పు కనుమలు అడ్డం, గోదావరి అడ్డం. అందుకని రైలు కిందికి దిగి బెజవాడ చేరి, అక్కణ్నుంచి తీరం వెంట కొడవలిలా వంపు తిరిగి పైకి వెళ్తుంది. ఆ వంపు వెనక పెద్ద చరిత్రే ఉంది. నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది 1889లో. బెజవాడ నుంచి కటక్ వైపు ఈస్ట్ కోస్ట్ రైల్వే 1893, 1896 మధ్య ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. పట్టాలు గోదావరి రెండు గట్ల దాకా వచ్చి ఆగాయి. రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన 1900లో తెరిచేదాకా ప్రయాణికులు ఒక గట్టున రైలు దిగి, నీటి మీద ఏరు దాటి, అవతలి గట్టున మళ్లీ రైలెక్కారు. సికింద్రాబాద్‌కూ వాల్తేరుకూ (నేటి విశాఖపట్నం స్టేషన్) నడుమ తెగని పట్టాల దారి అంటూ ఏర్పడింది ఆ వంతెనతోనే. రెండు నగరాలను దగ్గర చేసిన వాటిలో మొదటి పేరు చెప్పాల్సి వస్తే ఏ విమానం పేరూ చెప్పక్కర్లేదు, 1997లో పనిలోంచి తప్పుకుని ఇప్పటికీ నీళ్లలో నిలబడి ఉన్న ఆ పాత వంతెన పేరు చెప్పాలి.

వాల్తేరుకూ హైదరాబాద్‌కూ మధ్య తిరిగే ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరిలో మొదలైంది. తరవాత అదే గోదావరి ఎక్స్‌ప్రెస్ అయింది. యాభై ఏళ్లు దాటాక కూడా ఉత్తరాంధ్ర వాళ్లకు హైదరాబాద్ అంటే ఆ బండే. ఇంటర్వ్యూకు, ఉద్యోగంలో చేరడానికి, పెళ్లిచూపులకు, ఆపరేషన్లకు, సెక్రటేరియట్ పనులకు తరాలకు తరాలు అందులోనే ప్రయాణం చేశాయి. కొత్త దంపతులను సాగనంపిన కన్నీళ్లూ, మొదటి జీతంతో ఇంటికి వస్తున్న పిల్లల సంబరాలూ చూసిందా బండి. వంతెన మీదికి రాగానే చక్రాల చప్పుడు మారుతుంది. నిద్రలో ఉన్నవాళ్లు కూడా కళ్లు తెరిచి ‘గోదావరి వచ్చింది’ అనుకుంటారు. ఎవరో ఒకరు చీకట్లోకి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకుంటారు. పన్నెండు గంటల పైచిలుకు ప్రయాణంలో వాళ్లు ఎక్కడున్నదీ ప్రతి మలుపులోనూ వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. తుని, సామర్లకోట, తాడేపల్లిగూడెం, ఏలూరు, ఖమ్మం, వరంగల్... ఈ పేర్లన్నీ ఆ దూరంలో భాగం.

ఇక గంటా పదిహేను నిమిషాల సంగతి. 510 కిలోమీటర్లు 75 నిమిషాల్లో అంటే గంటకు 408 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల పైన పోగలదు. మరి సగం వేగం ఎక్కడికి పోయింది? విమానాల వేళల పట్టికలో కనిపించేది గాలిలో ఉన్న సమయం ఒక్కటే కాదు. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, గమ్యంలో మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా పట్టే కాలం అది. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, వరసలో నిలబడటం, పైకెక్కడం, దిగడం, మళ్లీ గేటు దాకా రావడం అన్నీ అందులోనే. ఇంత దగ్గరి ప్రయాణంలో విమానం పైకెక్కి కుదురుకునేసరికి దిగే వేళ దగ్గరపడుతుంది. నీళ్ల సీసా, టీ కప్పు పంచే అమ్మాయిలు చివరి వరసకు చేరకముందే సీటు బెల్టులు పెట్టుకోమని మైకులో వినిపిస్తుంది.

గాలికీ ఇందులో వాటా ఉంది. చలికాలంలో పైగాలులు పడమటి నుంచి వీస్తాయి కనుక విశాఖ వెళ్లే విమానానికి వెనకనుంచి ఊతం దొరుకుతుంది. వానాకాలంలో తీరు తిరగబడుతుంది. దక్షిణ భారతం మీద చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం ఏర్పడుతుంది. దాన్ని 1950ల్లో గుర్తించి ప్రపంచ శాస్త్రవేత్తలకు చూపించినవారు మన పి. కోటేశ్వరం. ఆ తరవాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. హైదరాబాద్, విశాఖల మధ్య ఆ గాలి కలిపేది, తీసేసేది కొద్ది నిమిషాలే. సముద్రాలు దాటే ప్రయాణాల్లో అలాంటి గాలులే గంట పైన తేడా తెస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలకు ఇది అనుభవమే. ఒకే దారిలో వెళ్లడానికి పట్టిన కాలం, రావడానికి పట్టిన కాలం ఒకటిగా ఉండవు.

కానీ మనిషి ప్రయాణం విమానం కదిలినప్పుడు మొదలు కాదు, ఇంటికి తాళం వేసినప్పుడు మొదలవుతుంది. కూకట్‌పల్లిలో ఉన్న కుటుంబం గాజువాకలో పెళ్లికి వెళ్లాలి. శంషాబాద్ చేరడానికి ట్రాఫిక్‌లో గంటంబావు. రెండు గంటలు ముందుగా ఉండాలి. విమానం గంటంబావు. దిగాక సామాను బెల్టు దగ్గర ఎదురుచూపులు, టాక్సీ, ఇంకో గంట. మొత్తం అయిదున్నర గంటలు తేలింది. అందులో ఆకాశానికి దక్కింది నాలుగో వంతు కూడా లేదు. 2008 మార్చి దాకా హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటలో, ఊరి నడుమన ఉండేది. ఊరు పెరిగింది, విమానాలు పెరిగాయి, శంషాబాద్‌కు మారడం తప్పలేదు. రేపు భోగాపురం విమానాశ్రయం పూర్తిస్థాయిలో నడిచే రోజున విశాఖ వాళ్లదీ అదే కథ. నగరం నుంచి అది సుమారు 45 కిలోమీటర్లు. గాజువాక, అనకాపల్లి వాళ్లకు విమానం దూరమవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు దగ్గరవుతుంది. అటు పలాస, టెక్కలి వైపు జనానికి విశాఖ ట్రాఫిక్‌ ఈదాల్సిన పని తప్పుతుంది. ఒకరికి పెరిగిన దూరం ఇంకొకరికి తగ్గిందంటే అది నష్టమని అనలేం. విమానాశ్రయానికి వెళ్లే బస్సులు, రైళ్లు ముందే సిద్ధంగా ఉంటే ఆ పెరిగినదాంట్లో కొంతయినా తిరిగి వస్తుంది.

ఈ లెక్కలు చూపి విమానాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. అర్ధరాత్రి ఫోన్ మోగి ‘నాన్నకు బాగోలేదు, బయల్దేరి రా’ అన్న మాట వింటే ఆ గంటంబావు విలువ ఎంతో తెలుస్తుంది. కడచూపు దక్కినవాళ్లను అడగండి, దక్కనివాళ్లను అడగండి. ఒకప్పుడు టెలిగ్రాం అంది, బండి దొరికి, ఊరు చేరేసరికి చితి చల్లారిపోయిన ఇళ్లు ఉత్తరాంధ్రలో ఎన్నో ఉన్నాయి. ఇవాళ పొద్దున కబురు అందుకున్న కొడుకు మధ్యాహ్నానికి వాకిట్లో ఉంటున్నాడు. ఈ మేలు చిన్నది కాదు. దాన్ని చేసిపెట్టినవారికి, పైలట్ నుంచి సామాను మోసే మనిషి దాకా, చేతులెత్తి మొక్కాల్సిందే.

విమానాశ్రయంలో ఇప్పుడు కొత్త మొహాలు కనిపిస్తున్నాయి. విశాఖలో తనిఖీ వరసలో ఒక పెద్దావిడ నిలబడి ఉంటుంది. జరీ అంచు నేత చీర, చేతిలో గుడ్డసంచి. హైదరాబాద్‌లో కూతురు పురిటికి వెళ్తోంది. సంచిలో ఆవకాయ సీసా ఉంది, అది చేతి సామానులో ఒప్పుకోరు. తనిఖీ చేసే అమ్మాయి సీసా తీసి పక్కన పెడుతుంది. ‘కొత్తావకాయ తల్లీ, నా కూతురు అడిగింది’ అంటుంది పెద్దావిడ. ఆ అమ్మాయికి మనసు లేక కాదు, నిబంధన అలా ఉంది. కౌంటర్ దగ్గర పెద్ద సంచిలో వేసి ఇస్తే 15 కిలోల దాకా తీసుకెళ్లవచ్చని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ సీసా కూతురికి చేరేది. మొదటిసారి ఎక్కేవారికి తెలుగులో, నెమ్మదిగా, మర్యాదగా ఈ సంగతులు చెప్పే ఒక మనిషిని గేటు బయట నిలబెట్టడం విమానాశ్రయాలకు పెద్ద ఖర్చేం కాదు. మన రెండు రాష్ట్రాల విమానాశ్రయాలు ఆ పని వెంటనే చేయాలి.

రైల్లోనూ వేగం వచ్చింది. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందేభారత్ ఈ దూరాన్ని ఎనిమిదిన్నర గంటలకు తెచ్చింది. సంతోషమే. కానీ అందులో జనరల్ బోగీ ఉండదు. టికెట్టు ధర కూలికి వెళ్లే మనిషికి అందదు. రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించి 2024 నవంబరు నుంచి అమలు చేస్తున్నారు. అయినా పండగ రోజులకు బుకింగ్ తెరిచిన నిమిషాల్లోనే వెయిటింగ్ లిస్టు మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్‌లో మేస్త్రి పనికి, కాపలా పనికి వచ్చే మనిషి మాత్రం నేటికీ జనరల్ బోగీలో, మరుగుదొడ్డి తలుపు పక్కన, సంచి మీద కూర్చుని వస్తున్నాడు. 1974లో అతని తండ్రి ఎలా వచ్చాడో ఇతనూ దాదాపు అలాగే వస్తున్నాడు. విమానం వచ్చి, వందేభారత్ వచ్చి రెండు నగరాలు దగ్గరయ్యాయని మనం అనుకుంటున్న ఈ అర్ధ శతాబ్దంలో అతని దూరం పెద్దగా తగ్గలేదు. గోదావరి, జన్మభూమి వంటి బండ్లకు జనరల్ బోగీలు పెంచితే అతనికి కనీసం కూర్చునే చోటు దొరుకుతుంది. ఆ బండ్లను కొంచెం వేగంగా నడిపితే గంటో రెండు గంటలో మిగులుతాయి. గంట మిగలడం అంటే అతనికి గంట నిద్ర.

ఇప్పుడు మళ్లీ పటం మీది గీతను చూడండి. పాపికొండలు దాటాక అది మన్యం మీదుగా పోతుంది. విమానం కిటికీలోంచి చూస్తే అంతా పచ్చగా, మెత్తగా కనిపిస్తుంది. ఆ పచ్చదనం కింద రోడ్డు లేని గూడేలు ఉన్నాయి. అక్కడ ఒక గర్భిణికి నొప్పులు మొదలైతే ఏం జరుగుతుందో పత్రికలు చదివేవారందరికీ తెలుసు. బలమైన వెదురు బొంగుకు దుప్పటి రెండు కొసలూ ముడివేసి డోలీ కడతారు. అందులో ఆమె మునగదీసుకుని పడుకుంటుంది. ముందు ఒకరు, వెనక ఒకరు భుజానికెత్తుకుంటారు, అలసినప్పుడు భుజం మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు పక్కనే నడుస్తారు. వాగు దగ్గర ఒకడు ముందు దిగి, కర్రతో లోతు చూసి, చెయ్యి ఊపాకే మిగతావాళ్లు కాలు పెడతారు. బొంగు ఊగినప్పుడల్లా ఆమె మూలుగుతుంది. ఆమె తల్లి దుప్పటి అంచు పట్టుకుని పక్కనే పరుగెత్తుతుంది. రోడ్డు మీదికి వచ్చాక, ఫోన్ సిగ్నల్ దొరికాక, 108కి కబురు వెళ్తుంది. కిలోమీటర్లలో ఆ నడక ఎనిమిదో, పదో. గంటల్లో మాత్రం ఆమెకు తన గూడెం నుంచి రంపచోడవరం ఆసుపత్రికి ఉన్న దూరం, పైన మబ్బుల్లో పోతున్న మనిషికి హైదరాబాద్ నుంచి విశాఖకు ఉన్న దూరం కంటే ఎక్కువ.

దీనికి మార్గాలు లేక కాదు, కొన్ని చేసి చూపించారు కూడా. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలయ్యాక తెలుగునాట ఎంతమంది ప్రాణాలు నిలిచాయో మనకు తెలుసు. పెద్ద అంబులెన్సు పోలేని దారులకు మోటారు సైకిల్ అంబులెన్సులు పెట్టారు. సాలూరు లాంటి చోట్ల గర్భిణులను కాన్పుకు కొన్నాళ్లు ముందే తెచ్చి ఉంచే వసతి గృహాలు తెరిచారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ రోగులు ఒకప్పుడు రక్తశుద్ధి కోసం విశాఖ దాకా పడిలేస్తూ వెళ్లేవారు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. రోగిని వేగంగా తీసుకెళ్లే బండి కంటే, రోగి దగ్గరికే వచ్చిన వైద్యుడు దూరాన్ని ఎక్కువ తగ్గిస్తాడు. దూరం తగ్గించడమంటే వేగం పెంచడం ఒక్కటేనని మన ప్రణాళికల్లో పాతుకుపోయింది. వేగం డబ్బున్న చోటికి తొందరగా చేరుతుంది. దగ్గరతనం అందరికీ అందాలంటే సర్కారు పూనుకోవాలి.

ఖమ్మం నుంచి దేవరపల్లికి నాలుగు వరుసల కొత్త దారి హైదరాబాద్, విశాఖల మధ్య రోడ్డు వంపును కొంత సరిచేస్తుంది. లారీలకు, బస్సులకు, కార్లకు మేలే. అలాంటి దారులకు పెట్టే శ్రద్ధలో కొంత, ఖర్చులో చాలా చిన్న వాటా, మన్యంలో గూడేన్నీ పెద్ద రోడ్డునూ కలిపే మట్టి బాటల మీద పెడితే డోలీ కట్టాల్సిన అవసరం చాలా చోట్ల తీరిపోతుంది. వాగుకు ఒక కల్వర్టు, కొండ మలుపు దగ్గర ఒక గోడ, వానకు కొట్టుకుపోని సిమెంటు పట్టీ. ఇంజనీర్లకు ఇది చేతకాని పని కాదు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900 నాటికే కట్టేశారు కదా.

అందుకే ఒక మనవి. ప్రభుత్వ దస్త్రాల్లో ఊరి పేరు పక్కన ‘ఆసుపత్రికి దూరం’ అనే గడిలో కిలోమీటర్లు రాస్తారు. పక్కనే ఇంకో గడి పెట్టి, వానాకాలంలో ఆ ఊరి నుంచి నిండు గర్భిణి ఆసుపత్రికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో రాయండి. ఆ అంకె రెండు గంటలు దాటిన గూడేలన్నిటికీ ముందుగా బాట వేయండి. రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలూ, రోడ్ల శాఖలూ కలిసి కూర్చుంటే ఈ జాబితా తయారు చేయడానికి పెద్దగా కాలం పట్టదు. వచ్చే వానలకు ముందే ఆ పని మొదలుపెట్టాలి.